ఇల్లు చూడ్డమంటే: వేయి స్తంభాల గుడి నుంచి మన వంటింటి గోడదాకా

2024 డిసెంబర్ 4, బుధవారం, పొద్దున 7 గంటల 27 నిమిషాలు. వరంగల్, హనుమకొండల్లో ఆ టైముకు ఏ ఇంట్లో చూసినా ఒక పొయ్యి మీద టిఫిను, ఇంకో పొయ్యి మీద పిల్లల బాక్సుల్లోకి కూర ఉంటాయి. అప్పుడే ములుగు వైపు భూమి కదిలింది. తీవ్రత 5.3 అని తర్వాత టీవీలో చెప్పారు. గిన్నెల స్టాండు గలగలమంది, ఫ్యాను ఊగింది, అందరం పిల్లల్ని పట్టుకుని రోడ్డు మీదికి ఉరికాం. అంతా కొన్ని సెకన్లే. పెద్దవాళ్లు మాత్రం 1969లో భద్రాచలం వైపు వచ్చిన భూకంపాన్ని గుర్తు చేసుకున్నారు.

ఆ తర్వాత వారం రోజులు మా వీధిలో ఆడవాళ్ల మాటలన్నీ గోడల మీదే. హాల్లో కిటికీ మూల నుంచి పైకి పోయిన గీత, బీరువా వెనకాల నెర్రె, మెట్ల కింద బీట. ఒకరింటికి ఒకరం వెళ్లి చూసుకున్నాం. "ఇది మొన్న వచ్చిందా, ముందు నుంచే ఉందా?" అంటే ఒక్కరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఎందుకు చెప్పగలరు? కొనేముందు కాగితాలు వకీలు చూశాడు. దిక్కులు సిద్ధాంతి చూశాడు. బ్యాంకు తరఫున వచ్చినతను పది నిమిషాల్లో నాలుగు ఫొటోలు తీసుకుని పోయాడు. ఇంటిని ఇల్లుగా చూసినవాళ్లెవరు?

అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లలు ఇల్లు కొంటున్నప్పుడు "ఇన్‌స్పెక్షన్ అయింది పిన్నీ, రిపోర్టు రావాలి" అంటుంటారు. అక్కడ అది మామూలు పద్ధతి. బేరం కుదిరాక, డబ్బు పూర్తిగా కట్టకముందు కొనేవాళ్లు సొంత ఖర్చుతో ఒక మనిషిని తెచ్చుకుంటారు. అతను పైకప్పు చూస్తాడు, నళ్లన్నీ ఒకేసారి తిప్పి నీటి ఒత్తిడి చూస్తాడు, కరెంటు బాక్సు మూత తీస్తాడు, పునాది చుట్టూ తిరిగి నీళ్లు ఇంటివైపు పారుతున్నాయా, బయటికి పారుతున్నాయా అని చూస్తాడు. ఏదీ పగలగొట్టడు, విప్పి పడెయ్యడు. కంటికి కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని పసిగట్టడమే అతని పని. 1976లోనే వాళ్లకు దేశమంతటికీ ఒక సంఘం ఏర్పడింది. మన దగ్గర ఆ పేరుతో మనిషి దొరకడం తక్కువ. తెలిసిన సివిల్ ఇంజనీరునో, నమ్మకమున్న మేస్త్రీనో బతిమాలుకోవాలి.

కానీ ఆ పని మన ఇళ్లలో జరగలేదనుకుంటే పొరపాటు. మా అమ్మమ్మ కాలంలో మట్టిగోడలు, గూన పెంక. పండుగ వస్తోందంటే గోడలకు ఎర్రమట్టి అలికి, సున్నం పూసేవాళ్లు. అలకడమంటే చేత్తో గోడ మొత్తం తడమడం కదా! ఎక్కడ మట్టి వదులైంది, ఎక్కడ చెమ్మ ఎక్కింది, ఎక్కడ చెదలు పట్టింది అన్నీ ఆ చేతికి తెలిసేవి. వానాకాలానికి ముందు పెంక సర్దించేవాళ్లు, ఏ దంతె పుచ్చిందో అప్పుడే బయటపడేది. ఏడాదికోసారి ఇంటి మొత్తానికీ పరీక్ష, దాన్ని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. దానికి పరీక్ష అన్న పేరు ఎవరూ పెట్టలేదు, కూలీ కూడా ఇవ్వలేదు. ఇప్పుడు పుట్టీ పెట్టి రంగు వేశామంటే అయిదేళ్లు గోడ ముట్టుకునే పనే లేదు. అలికే చాకిరీ తప్పినందుకు నాకు సంతోషమే. ఆ చూపు కూడా దాంతోపాటే పోయింది.

ఇక మన ఊళ్లో జరిగిన అతి పెద్ద ఇంటి పరీక్ష ఏదంటే హనుమకొండ వేయి స్తంభాల గుడిది. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భాలయాలు. ఎదురుగా ఉన్న కల్యాణ మండపం కింద నేల జారి, స్తంభాలు పక్కకు ఒరగడం మొదలుపెట్టాయి. పైపైన సిమెంటు పూసి సరిపెట్టే రోగం కాదు. కేంద్ర పురావస్తు శాఖవాళ్లు 2006లో మండపాన్ని రాయి రాయిగా విప్పడం మొదలుపెట్టారు. ప్రతి రాయికీ నంబరు వేసి పక్కన పేర్చారు. పునాదిని సరిచేసుకుని మళ్లీ కట్టి, 2024 మార్చి 8న, మహాశివరాత్రి రోజు తెరిచారు. విప్పినప్పుడు పుట్టిన పిల్లలు ఇంటర్ పూర్తి చేసే వయసుకు వచ్చేశారు! ఆ ఏళ్లన్నీ గుడికి వెళ్లినప్పుడల్లా ఆ రాళ్ల కుప్పలు చూసి విసుక్కునేవాళ్లం. ఆలస్యానికి కారణాలు చాలా చెప్పారు, అన్నీ ఒప్పుకోదగ్గవని నేననను. కానీ రోగం పునాదిలో ఉంటే పైన చేసే వైద్యమంతా వృథా అన్నది మాత్రం అక్కడ కళ్లారా చూశాం.

ఆ పునాది రాతి దిమ్మ కాదు, ఇసుక. కాకతీయుల మేస్త్రీలు లోతుగా గొయ్యి తవ్వి, ఇసుక నింపి, దానిమీద రాతి కట్టడాన్ని నిలబెట్టేవాళ్లు. భూమి అదిరినా, కింది మట్టి ఉబ్బినా, ఆ కదలికను ఇసుక తనలో సర్దుకుంటుంది. సూటిగా రాయికి తగలనివ్వదు. ఇది మన నేలకు తగ్గ ఆలోచన. వరంగల్ అంటే ఎనుమాముల మార్కెట్, పత్తి. పత్తి పండించే నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోరు తెరుస్తుంది. చేనుకు మంచిదే, గోడకు శత్రువు. ఈ రోజుకీ నల్లరేగడి మీద ఇల్లు కడుతుంటే ఇంజనీర్లు చెప్పే మందుల్లో ఒకటి ఆ మట్టి తీసేసి ఇసుకో మొరమో నింపడం. అందుకని ఇల్లు కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న టైల్స్ ఏ కంపెనీవని కాదు. కింద ఏ మట్టి, దానికేం చేశారు అని.

రెండో ప్రశ్న బరువు. పాలంపేటలో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి, 2021 జులైలో యునెస్కో జాబితాకెక్కింది. కింద ఇసుక పునాది, మధ్యలో రాతి గోడలు, పైన శిఖరానికి మాత్రం నీళ్లలో వేస్తే తేలే తేలికపాటి ఇటుకలు. తల బరువైతే కాళ్లకు కష్టమని వాళ్లు ఎనిమిది వందల ఏళ్ల కిందటే లెక్క చూసుకున్నారు. మనమో? రెండంతస్తులకు వేసిన పిల్లర్ల మీద అద్దెల కోసం మూడోది, దానిమీద వెయ్యి లీటర్ల ట్యాంకు, పక్కన కుండీల తోట. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు!

రామప్పలో ఇంకోటి గమనించండి. మండపంలో నడుస్తుంటే నేల ఎగుడుదిగుడుగా కాలికి తెలుస్తుంది. గుడి కదిలింది, అయినా నిలబడింది. మా ఇల్లు చూడ్డానికి వచ్చిన ఇంజనీరు కూడా ఇదే మాట చెప్పాడు: పగులు ఉందా లేదా అన్నది కాదమ్మా, అది ఆగిందా, ఇంకా నడుస్తోందా అన్నది ముఖ్యం. తెలుసుకోవడం మనకూ చేతనవుతుంది. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాయాలి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడాలి. గీత దాటిందంటే పగులు బతికుందన్నట్టు. వెంట్రుకంత సన్నగా, వల అల్లినట్టు ఉండేవి చాలావరకు పై ప్లాస్టరువే. తలుపు మూల నుంచి ఏటవాలుగా పోయేవి, ఇటుకల వెంట మెట్లు మెట్లుగా దిగేవి పునాది కబురు చెబుతాయి. నిన్నటిదాకా బాగున్న తలుపు ఉన్నట్టుండి పడకపోయినా ఆ వరసే.

మిగతావి వంట చేసుకునేవాళ్లకు తెలిసిన విద్యలే. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలాగే టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొడితే కింద బోలుగా ఉన్నది వేరే చప్పుడిస్తుంది. బాత్రూంలో బకెట్ నీళ్లు గుమ్మరిస్తే వాలు తెలుస్తుంది. దాని అవతలి గోడ అడుగున తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే నీరు లోపల్లోపల నడుస్తున్నట్టే. ఒక్క గోడకే కొత్త రంగు వాసన వస్తుంటే ఆ గోడ దగ్గరే ఎక్కువసేపు నిలబడండి. స్విచ్ బోర్డులకు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి, అందులో మొహమాటం వద్దు.

మూడోది, మన ఊరికి అన్నిటికంటే పెద్దది, నీరు. కాకతీయులు ఊరు కట్టడానికి ముందూ వెనకా చెరువులు కట్టారు. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారం చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమం మనకు తెలిసింది చాలావరకు ఆ రాయి వల్లే. ఒక ఆడమనిషి చెరువు కట్టించి, ఇంటివాళ్ల పేర్లన్నీ రాతిమీద రాయించి పెట్టింది! ఆ చెరువులకు కట్ట, తూము, మత్తడి ఉండేవి. నిండిన చెరువు మత్తడి దూకి కింది చెరువులోకి పోయే దారి ఉండేది. ఆ దారుల్లో, శిఖం భూముల్లో మనం ప్లాట్లు చేసుకున్నాం. 2020 ఆగస్టులో హనుమకొండ నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అది రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ మండలమే. ఆ వానలకే ఇక్కడ భద్రకాళి చెరువు కట్ట తెగింది.

అందుకే మేము ఇల్లు వెతికినప్పుడు చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడిదాకా ఉందో ముందు కనుక్కున్నాం. కొత్త అపార్టుమెంట్లయితే 2016 రెరా చట్టం ఒకటుంది. రెరాలో నమోదైనదైతే, ఇల్లు స్వాధీనం చేశాక అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే చెప్పిన 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలి. పాత ఇండిపెండెంట్ ఇళ్లకు ఆ ఆసరా లేదు. మనం చూసుకున్నదే చూసుకున్నట్టు.

ఇల్లు చూడ్డానికి పోతే మనల్ని అడిగేది వంటిల్లు నచ్చిందా అని మాత్రమే. నచ్చింది అనేసి బయటికి వచ్చి పక్కింట్లో నీళ్లడగండి. ఒకచోట నేను అలాగే చేశాను. గడపలో కూర్చుని బియ్యం చెరుగుతున్న పెద్దామెను, "అత్తమ్మా, మొన్నటి వానలకు ఈ గల్లీలోకి నీళ్లొచ్చినయా?" అని అడిగాను. ఆమె చాట పక్కన పెట్టి, లేచి గోడ దగ్గరికి నడిచి, తన నడుముకంటే జానెడు పైన చెయ్యి ఆనించి, "గీడిదాంక బిడ్డా, మూడొద్దులున్నయి" అంది. ఆ ఇంటి ధర గురించి మేము మళ్లీ మాట్లాడలేదు.