ఇరవై ఒకటో గడి

2024 జూలై 19, ఆషాఢ శుక్రవారం. బంగాళాఖాతంలో వాయుగుండం, శ్రీకాకుళం మీద ముసురు. ఉదయం 9 గంటల 39 నిమిషాలకు అమెరికాలోని క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ తన ఖాతాదారుల యంత్రాలకు ఒక చిన్న ఫైలు పంపింది. కొత్తగా పుట్టుకొస్తున్న దాడుల ఆనవాళ్లు చెప్పే ఫైళ్లను అలా పంపడం దానికి మామూలే. ఎవరూ మీట నొక్కనక్కర్లేదు, సరేననక్కర్లేదు. దానంతటదే వచ్చి చేరుతుంది.

ఆమదాలవలసలో ఒక ఇంటి మేడగది. పెద్దవాడు హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాడు. చిన్నవాడు ఎచ్చెర్లలో బీటెక్. (ఈ అన్నదమ్ములకు పేర్లు పెట్టడం లేదు. కంప్యూటర్ల మీద మనసున్న మన కుర్రాళ్లు ఆ రోజు పడిన వాదన ఇలాంటిదే కనక, వాళ్ల మాటలుగా అల్లి చెబుతున్నాను. వేళలు, అంకెలు, మంత్రుల సంగతులు, సంస్థల సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే.)

మీటింగు మధ్యలో పెద్దవాడి ల్యాప్‌టాప్ తెర నీలంగా మారింది. పైన ఏడుపు మొహం గుర్తు, కింద రెండు ముక్కల సంజాయిషీ. తనంతట తనే ఆగి మళ్లీ లేచింది. మళ్లీ నీలం. ఇంకోసారి లేచింది. మళ్లీ అదే.

"ఒరే, ఒకపాలి ఇలగ రా. ఇదేటో సూడు."

"అప్‌డేటేటైనా పెట్టీసినావా అన్నియ్యా?"

"నానేటీ ముట్టలేదురా. మాట్లాడతన్నాను, పడిపోనాది."

ఫోన్ తీసి చూస్తే బృందంలో ఇంకో నలుగురిదీ అదే గోల. చిన్నవాడు తన ల్యాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టాడు. అందులో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. అది పడిపోలేదు. ఆ కుర్రాడి మొహంలో గర్వం దాచినా దాగడం లేదు.

10 గంటల 57 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. మొత్తం 78 నిమిషాలు. ఆ కాస్త వ్యవధిలో 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ తరవాత లెక్క చెప్పింది. ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో అది ఒక్క శాతం కూడా కాదు. అయితే డబ్బుపెట్టి ఈ కాపలా కొనుక్కునేవి ఆస్పత్రులు, బ్యాంకులు, విమాన సంస్థలు, టీవీ స్టేషన్లు. ఏవి ఆగిపోతే ఊళ్లు ఆగిపోతాయో సరిగ్గా అవే.

శంషాబాద్ విమానాశ్రయంలో ఆ పూట కౌంటర్ల ముందు వరసలు కదల్లేదు. సిబ్బంది పెన్నులు అందుకున్నారు. ప్రయాణికుడి పేరు, విమానం నంబరు, సీటు, గేటు అన్నీ చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడు తన చేతిరాత బోర్డింగ్ పాస్‌ను ఫొటో తీసి పెడితే దేశమంతా చూసింది. ఇండిగో ఒక్కటే దాదాపు 200 విమానాలు రద్దు చేసుకుంది. ఆకాశ, స్పైస్‌జెట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కూడా కౌంటర్ల దగ్గర చేతిపనికి దిగాయి.

ఇక్కడ మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు ఆగి చూడవలసినది ఒకటుంది. శంషాబాద్ విమానాశ్రయాన్ని, ఢిల్లీ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ సంస్థను స్థాపించిన గ్రంధి మల్లికార్జునరావుది రాజాం. ఆ రోజు దేశ పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడిది నిమ్మాడ. ఆ నీలి తెర చూపించిన విండోస్‌ను తయారుచేసే మైక్రోసాఫ్ట్‌కు అధిపతి హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల. అమెరికాలో ఎక్కడో జరిగిన పొరపాటు చివరికి వచ్చి మనవాళ్ల ముందే నిలబడింది.

రామ్మోహన్ నాయుడికి అప్పటికి 36 ఏళ్లు, కేంద్ర క్యాబినెట్‌లో అందరికన్నా చిన్నవాడు. శాఖ చేపట్టి ఐదు వారాలు. అందులోనే జూన్ 28న ఢిల్లీ టెర్మినల్ 1 పైకప్పు కూలి ఒకరు చనిపోయారు. జూలై 11న ముఖ్యమంత్రి చంద్రబాబుతో కలిసి భోగాపురం విమానాశ్రయం పనులు చూసి వెళ్లారు. ఎనిమిదో రోజున ఇది. పని ఆపకుండా చేతిరాతతోనైనా నడిపించాలని, ఆగిపోయిన ప్రయాణికులకు అదనపు కుర్చీలు, నీళ్లు, భోజనం సమకూర్చాలని, వాళ్లతో దయగా ఉండాలని విమానాశ్రయాలకు, సంస్థలకు ఆయన చెప్పారు. కంప్యూటర్ పడిపోయినప్పుడు మంత్రి చేయగలిగినది అంతే. అది చిన్న పని అని నేను అనుకోను. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి ఆ పూట కావలసినవి నీళ్లూ, కుర్చీయే.

ప్రభుత్వ కంప్యూటర్లను చూసే ఎన్ఐసీ నెట్‌వర్క్‌కు ఏమీ కాలేదని ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రకటించారు. సుమారు పది బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల్లో స్వల్ప అంతరాయాలు వచ్చాయని, అవీ కొన్ని సర్దుకున్నాయని, మిగతావి సర్దుకుంటున్నాయని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది.

మేడగదిలో మధ్యాహ్నం దాటాక దారి తెలిసింది. చెడ్డ ఫైలు వెనక్కి వెళ్లినా, పడిపోయిన యంత్రం లేస్తే కదా మంచి ఫైలు అందుకోవడానికి! ఒక్కొక్క యంత్రాన్నీ మనిషే లేపాలి. ముందు రికవరీ తెరలోకి వెళ్లాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల సంఖ్య కొట్టాలి. ఆ సంఖ్య కంపెనీ హెల్ప్‌డెస్క్ దగ్గర ఉంటుంది. హెల్ప్‌డెస్క్ వాళ్ల యంత్రాలే పడిపోయిన చోట్ల ఆ సంఖ్యా దొరకలేదు. ఇక్కడ దొరికింది. అవతల మనిషి ఫోన్లో ఆరేసి అంకెలు చదువుతుంటే తమ్ముడు నోటుబుక్కులో రాశాడు, అన్న ఒక్కొక్కటే కొట్టాడు. తరవాత సేఫ్ మోడ్. విండోస్ డ్రైవర్ల అరలో క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్. అందులో సీ, గీత, ఐదు సున్నాలు, 291తో మొదలయ్యే ఫైలు. దాన్ని తుడిచి మళ్లీ వెలిగిస్తే మామూలు తెర వచ్చింది.

"హమ్మయ్య. వొచ్చీసినాది!"

"సూసినావా? లినక్స్ అయితే ఈ బాదే లేదు," అన్నాడు తమ్ముడు.

అసలు వాదన అప్పుడు మొదలైంది. అన్న ఊరుకోలేదు. ఫోన్లో వెతికి చూపించాడు. ఆ ఏడాది జూన్‌లోనే రెడ్‌హ్యాట్ లినక్స్ 9.4 మీద ఇదే క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేర్ వల్ల కెర్నెల్ కుప్పకూలింది. ఆ సంగతి రెడ్‌హ్యాటే రాసుకుంది.

"నీ లినక్సూ పడిందిరా. ఎవులూ ఫొటోలు తియ్యలేదు, అంతే."

తమ్ముడు చాలాసేపు చదివాడు. ఓడిపోయానని అనలేదు, అడ్డంగానూ మాట్లాడలేదు.

"అయితే అన్నియ్యా, తప్పు విండోస్‌దా లినక్స్‌దా అన్నది కాదేమో. అరసవిల్లి గుడిలో మండపంలో గొడవైతే పూజ ఆగదు. గర్భగుడిలో ఏటైనా అయితే తలుపులు ముయ్యాలి. బయటోడ్ని గర్భగుడిలోకి ఎందుకు రానిచ్చినారు?"

ఆ కుర్రాడు అంటున్న గర్భగుడి కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి నడిబొడ్డు. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మూతపడుతుంది. కెర్నెల్‌లో తప్పు జరిగితే మొత్తం యంత్రాన్ని ఆపేయడమే క్షేమమని ఆపరేటింగ్ సిస్టమ్ ఆపేస్తుంది. నీలి తెర అంటే అదే. వైరస్‌ల కన్నా ముందు లేచి కాపలా కాయాలని భద్రతా సంస్థలు లోపల చోటు అడిగాయి. 2009లో యూరోపియన్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల బయటి సంస్థలకు ఆ చోటు ఇవ్వక తప్పలేదని మైక్రోసాఫ్ట్ వాదన. ఆపిల్ మాత్రం 2020 నాటికే అలాంటి వాళ్లను కెర్నెల్ బయటికి పంపడం మొదలుపెట్టింది.

సీఎస్‌ఈ చదివే ప్రతి పిల్లా పిల్లాడూ కెర్నెల్ మోడ్‌కూ యూజర్ మోడ్‌కూ తేడాలు రాసే ఉంటారు. పట్టిక గీసి, మార్కులు తెచ్చుకుని, మరిచిపోయే ప్రశ్న అది. ఆ శుక్రవారం అదే ప్రశ్న శంషాబాద్‌లో వరసలో నిలబడింది. మన కాలేజీల్లో ఆ మర్నాడే పాఠం పక్కన పెట్టి దీని మీద తరగతంతా కూర్చుని మాట్లాడి ఉండాలని నా కోరిక. రాజాంలో, ఎచ్చెర్లలో, విజయనగరంలో చదివిన పిల్లలే రేపు ఆ హెల్ప్‌డెస్క్‌లలో, ఆ కెర్నెల్ బృందాల్లో కూర్చునేది.

ఆ రోజు పుకార్లూ తక్కువేం కాదు. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఇంకా విండోస్ 3.1 వాడుతోంది కాబట్టి బతికిపోయిందని ఒక కథ ఊరూరా తిరిగింది. తమ్ముడు నవ్వుతూ చదివి వినిపించాడు.

"ముప్పయ్యేళ్ల పాతదా? నమ్మీసినావేటి?" అన్నాడు అన్న.

నిజానికి అది ఉత్త మాట. ఆధారం చూడకుండా ఆ మాటను ముందుకు పంపనివాడే నా దృష్టిలో సాంకేతికం తెలిసినవాడు.

జూలై 20 తెల్లవారుజామున 3 గంటల నుంచి విమానాశ్రయాల్లో సంస్థల కంప్యూటర్లు మామూలుగా పనిచేస్తున్నాయని రామ్మోహన్ నాయుడు తెలిపారు. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ తేరుకోవడానికి ఇంకా రోజులు పట్టింది. ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దయ్యాయి.

ఆగస్టు 6న క్రౌడ్‌స్ట్రైక్ తన తప్పు ఏమిటో విడమరిచి బయటపెట్టింది. ఆ ఫైలును చదివే పద్ధతి 21 గడులు ఉంటాయని అనుకుంది. ప్రోగ్రామ్ అందించినవి 20 విలువలే. అంతకుముందు పంపిన ఫైళ్లు ఇరవై ఒకటో గడిలో ఏమున్నా ఫర్వాలేదన్నాయి కనక ఎవరికీ తెలియలేదు. జూలై 19 ఫైలు మొదటిసారిగా ఆ గడిలోకి చూడమంది. అక్కడ గడి లేదు. ప్రోగ్రామ్ తనది కాని మెమరీలోకి చెయ్యి పెట్టింది, అదీ కెర్నెల్‌లో ఉండి. తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్‌లోనూ లోపమే. ముందు కొన్ని యంత్రాలకు పంపి, చూసి, తరవాత మిగతావాటికి పంపే పద్ధతి ఈ రకం ఫైళ్లకు లేదు. ఇకముందు అలాగే విడతలుగా పంపుతామని, ఎప్పుడు తీసుకోవాలో ఖాతాదారులే ఎంచుకోవచ్చని ఆ సంస్థ మాట ఇచ్చింది.

బయటోడ్ని గర్భగుడిలోకి ఎందుకు రానిచ్చారన్న ప్రశ్న మీదే సెప్టెంబర్ 10న మైక్రోసాఫ్ట్ రెడ్మండ్‌లో భద్రతా సంస్థలను, ప్రభుత్వాల ప్రతినిధులను కూర్చోబెట్టింది. 2025 జూన్‌లో ఆ సంస్థ రెండు సంగతులు ప్రకటించింది. నీలి తెర ఇక నల్లగా వస్తుంది. భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ బయట నుంచే నడిపే ఏర్పాటును జూలై నుంచి కొన్ని సంస్థలకు పరీక్షకు ఇస్తుంది. ఆ కొన్నిటిలో క్రౌడ్‌స్ట్రైక్ కూడా ఉంది.