మహదవీ విశ్వాసంలో విమోచన, ప్రాయశ్చిత్తం

హైదరాబాద్ పాతబస్తీలోని చంచల్‌గూడ మహదవీలనే ముస్లిం శాఖవారికి పేరున్న చోటు. లోకాంతానికి ముందు రావలసిన మార్గదర్శి అయిన మహదీ, సయ్యద్ మహమ్మద్ జౌన్‌పురీ (1443–1505) రూపంలో వచ్చి వెళ్లాడని వీరి నమ్మకం. ఎదురుచూపే ముగిశాక విమోచన మాట భవిష్యత్తు మీద పెట్టడానికి వీల్లేదు. పోలికకు, క్రైస్తవ విశ్వాసంలో మెస్సీయ తన మరణంతో ఇతరుల పాపాలకు వెల చెల్లిస్తాడు. జౌన్‌పురీ కూడా అఫ్ఘానిస్థాన్‌లోని ఫరాలో కన్నుమూశాడు, కానీ ఆ మరణాన్ని అనుచరులు బలిగా చూడరు. ఆయన మిగిల్చినవి విధులు: లోకాన్ని వదలడం (తర్కె దున్యా), ఎడతెగని దైవస్మరణ, సత్యవంతుల సాంగత్యం, దైవదర్శన కాంక్ష. కాబట్టి ఇక్కడ ప్రాయశ్చిత్తం ఎవరి పాపానికి వారు పడవలసిన పాటు. రంజాన్ 27వ రాత్రి వీరు చేసే రెండు రకాత్‌ల దుగానా నమాజు కూడా అలాంటి విధే.

అలాంటప్పుడు మహదీ దేనికి అని అడగవచ్చు. దారి చూపడానికి, నడక మాత్రం భక్తుడిదే. ఇంకో ఆక్షేపణ గట్టిది. సైనికులుగా, జాగీర్దార్లుగా బతికిన మహదవీలు లోకాన్ని ఎలా వదిలారు? హైదరాబాద్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ (1905–1944) మహదవీయే, రాజకీయాల్లో తలమునకలైనవాడే. చాలామంది లోకాన్ని వదిలే దీక్షను ముసలితనానికి వాయిదా వేస్తారు. ఇది సాకులా కనిపించినా, విధిని రద్దు చేయకుండా బాకీగా ఉంచుకోవడమే. అదే పాతబస్తీలో, దబీర్‌పురాలోని బీబీ కా అలావా అనే ఆషుర్‌ఖానాలో, షియాలు కర్బలాలో ప్రాణాలిచ్చిన ఇమామ్ హుస్సేన్ త్యాగాన్ని తలచి విలపిస్తారు. మహదవీల బాకీ తీర్చడానికి అలాంటి త్యాగమూర్తి లేడు.