మాచాలో పల్లీల పొడా? 700 ఏళ్ల నాటి మాట!

మాచా లేని ఇల్లు లేదంటే కాస్త ఎక్కువేమో గానీ, కాలేజీకి వెళ్ళే ఆడపిల్ల ఉన్న ఇంట్లో మాత్రం ఆ ఆకుపచ్చ పొడి డబ్బా ఈ మధ్య తప్పకుండా కనిపిస్తోంది. డబ్బాతో పాటు ఒక తగువు కూడా ఇంట్లోకి వస్తోంది. మాచాని వేడినీళ్ళతో మాత్రమే తాగాలట. పాలు పోస్తే అపచారమట. ఇక జీడిపప్పో పల్లీల పొడో కలిపితే దాన్ని మాచా అనకూడదట. ఇలాంటి మాటలు వినగానే మన గృహిణులం ఒక అడుగు వెనక్కి వేస్తాం. "ఏమోలే, జపాన్ వాళ్ళ వ్యవహారం, మనకేం తెలుసు" అనుకుంటాం.

మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా అమ్మాయి డబ్బా తెచ్చి శాస్త్రోక్తంగా కలిపి ఇస్తే, మా అత్తయ్యగారు ఒక్క గుక్క తాగి "పసరు వాసనే అమ్మాయ్, ఇందులో కాసిని వేయించిన పల్లీలు పొడి కొట్టి వెయ్యరాదూ" అన్నారు. "నాయనమ్మా, అలా చేస్తే పాడైపోతుంది!" అని మనవరాలు. ఇద్దరిలో ఎవరిది సరైన మాట? ఆ ప్రశ్న పట్టుకుని నేను మాచా చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఆశ్చర్యమే. ఈ తగువు వయసు వెయ్యేళ్ళు పైనే!

ముందు అసలు మాచా అంటే ఏమిటో చూద్దాం. ఇదీ టీ ఆకే. కాకపోతే కోతకు మూడు వారాల ముందు నుంచీ తోటకి పందిరి వేసి ఎండ తగలకుండా చేస్తారు. నీడలో పెరిగిన ఆకులో పత్రహరితం పెరుగుతుంది, వగరు తగ్గుతుంది, ఒక రకమైన కమ్మదనం నిలుస్తుంది. లేత ఆకులు కోసి, ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలూ కాడలూ తీసేస్తారు. మిగిలిన దాన్ని రాతి తిరగలిలో విసురుతారు. అవునండీ, అచ్చం మన తిరగలే, సైజు చిన్నది. గంటసేపు తిప్పితే వచ్చేది సుమారు 40 గ్రాములు. తొందరపడి తిప్పితే రాయి వేడెక్కి రంగూ రుచీ పోతాయి. పెసలో మినుములో విసిరిన చేతులకి ఆ కష్టం ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తగువు సంగతి. 8వ శతాబ్దంలో చైనాలో లూ యూ అనే ఆయన టీ మీద మొదటి పెద్ద గ్రంథం రాశాడు. అప్పటి జనం టీలో ఉల్లికాడలు, అల్లం, రేగుపళ్ళు, నారింజ తొక్క, పుదీనా వేసి మరిగించేవారట. అది లూ యూకి ఏమాత్రం నచ్చలేదు. అది మురికి కాలవలో నీళ్ళతో సమానం అని తీసిపారేశాడు. తను మాత్రం చిటికెడు ఉప్పు వేసుకునేవాడు! మన అల్లం టీ ఆయన కంట పడి ఉంటే ఏమనేవాడో.

తర్వాత సోంగ్ వంశం వచ్చింది. టీ ఆకుల్ని అచ్చుల్లో బిళ్ళలుగా చేసి, వాటిని కాల్చి, నూరి, జల్లెడ పట్టి, గిన్నెలో వేసి, వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ వెదురు కవ్వంతో చిలికేవారు. మాచాకి మూలం ఇదే. నురగ ఎవరికి తెల్లగా, ఎక్కువసేపు నిలుస్తుందో చూడడానికి పోటీలు కూడా ఉండేవి. తెల్ల నురగ బాగా కనపడాలని నల్ల గిన్నెలు వాడేవారు. హుయ్‌జోంగ్ చక్రవర్తి స్వయంగా టీ మీద పుస్తకం రాసి, ఎలా చిలకాలో వివరించాడు. ఆయనకి టీ మీదా, బొమ్మల మీదా ఉన్న శ్రద్ధ రాజ్యం మీద లేదంటారు. 1127లో ఉత్తరాది జుర్చెన్ సేనలు ఆయన్ని బందీగా పట్టుకుపోయాయి. ఆయన కంటే ముందే, 11వ శతాబ్దంలో, త్సాయ్ షియాంగ్ అనే అధికారి కూడా టీ గురించి రాశాడు. రాజుగారికి పంపే టీలో కర్పూరం లాంటి సువాసన ద్రవ్యం కలుపుతారనీ, పండ్లూ మూలికలూ చేర్చినా సరే టీ అసలు రుచి పోతుందనీ ఆయన బాధ.

గమనించారా? పండితులు వద్దు వద్దని అన్నిసార్లు రాశారంటే, జనం అన్నిసార్లూ కలుపుతూనే ఉన్నారన్నమాట. 13వ శతాబ్దపు హాంగ్‌ఝౌ నగరం గురించి రాసిన ఒక పుస్తకంలో, చలికాలం టీ దుకాణాల్లో "ఏడు రత్నాల నూరిన టీ" అమ్మేవారని ఉంది. ఆ నూరుడు టీ వంశమే ఇప్పటికీ దక్షిణ చైనాలో, తైవాన్‌లో, మలేషియాలో హక్కా కుటుంబాల ఇళ్ళలో ఉంది. గాడులున్న మట్టి గిన్నెలో టీ ఆకు, నువ్వులు, పల్లీలు వేసి, కర్రతో మెత్తగా నూరి, వేడినీళ్ళు పోసి ఇస్తారు. పల్లీలు అమెరికా ఖండం నుంచి వచ్చినవి కాబట్టి అవి తర్వాతి కాలంలో చేరి ఉంటాయి. పద్ధతి మాత్రం పాతదే.

అన్నిటికంటే నన్ను ఆపేసింది 1330 నాటి పుస్తకం. అప్పుడు చైనాని మంగోలులు ఏలుతున్నారు. హు సిహుయ్ అనే ఆస్థాన ఆహార వైద్యుడు చక్రవర్తి కోసం ఏ తిండి ఎలా చేయాలో ఒక గ్రంథం రాసి ఇచ్చాడు. అందులో ఒక టీ పొడికి పాళ్ళు చూడండి. మేలురకం టీ ఆకు ఎంతో, వేయించిన బియ్యం అంతే. రెండూ కలిపి పచ్చరాయి తిరగలిలో విసరాలి. ఇంకోచోట, తిరగలి పట్టిన టీ పొడి మూడు చెంచాలు తీసుకుని, పిండీ వెన్నా వేసి ముద్దలా కలిపి, మరిగే నీళ్ళు పోయమంటాడు. వేయించిన గింజల కమ్మదనం, పాడి కొవ్వు, పొడి టీ, మూడూ ఉన్నాయి కదా! గింజల రుచి కలిపిన మాచా లాట్టే నిన్న మొన్న ఏదో కాఫీ షాపులో పుట్టిందనుకునేవాళ్ళు ఈ 700 ఏళ్ళ నాటి వంటకాన్ని ఏమంటారు?

మరి చైనాలో ఈ పొడి టీ ఏమైంది? 1391లో మింగ్ వంశపు మొదటి చక్రవర్తి హోంగ్‌వు, రాజదర్బారుకి టీ బిళ్ళలు పంపక్కర్లేదని, విడి ఆకు పంపితే చాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ బిళ్ళల తయారీ జనానికి మోయలేని చాకిరీ అయిందని కారణం. ఆయన పేదరికంలో పుట్టి పెరిగినవాడు. క్రమంగా చైనా అంతా ఆకుని నీళ్ళలో నానబెట్టి తాగడం మొదలుపెట్టింది. నల్ల గిన్నెలూ వెదురు కవ్వాలూ మూలకి చేరాయి. ఒక గొప్ప రుచి వెనక ఎందరి చేతులు అరిగాయో ఎవరో ఒకరు లెక్క వేసినందుకు నాకు ఆ ఆజ్ఞ అంటే గౌరవమే.

ఈలోగా పొడి టీ సముద్రం దాటింది. చైనాలో చదువుకున్న ఎయిసాయ్ అనే బౌద్ధ భిక్షువు 1191లో జపాన్ తిరిగి వెళుతూ టీ విత్తనాలు తీసుకెళ్ళాడని చెప్తారు. 1214లో అక్కడి షోగన్ ముందు రోజు తాగింది దిగక బాధపడుతుంటే, ఎయిసాయ్ టీ ఇచ్చి, తను రాసిన టీ పుస్తకం కూడా చేతిలో పెట్టాడు. మందుగా మొదలైంది ఆరాధన అయింది. 16వ శతాబ్దంలో సేన్ నో రిక్యూ చిన్న గదిలో, మామూలు గిన్నెలో, ఆడంబరం లేకుండా టీ ఇచ్చే పద్ధతిని తీర్చిదిద్దాడు. ఆయన ఏలిక హిదేయోషికి బంగారు రేకుల టీ గది ఉండేది. 1591లో అదే హిదేయోషి ఆజ్ఞ మీద రిక్యూ ప్రాణం తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మనం వినే "ఇలాగే తాగాలి" అన్న నియమాల వెనక ఇంత చరిత్ర ఉంది. కానీ అది సమురాయ్‌లదీ, మఠాలదీ, ధనవంతులైన వర్తకులదీ.

అదే దేశంలో ఇళ్ళ సంగతి వేరు. దక్షిణాన ఒకినావా దీవుల్లో బుకుబుకు టీ అని ఉంది. వేయించిన బియ్యాన్ని నీళ్ళలో కాచి, ఆ నీళ్ళలో టీ కలిపి, పెద్ద చెక్క గిన్నెలో పెద్ద వెదురు కవ్వంతో చిలుకుతారు. ఆ దీవుల సున్నపు నీటికి నురగ కొండలా లేస్తుంది. దాన్ని గిన్నె మీద పోగు పెట్టి, పైన దంచిన పల్లీలు చల్లుతారు! ఇది శుభకార్యాలకు ఆడవాళ్ళు చేసే టీ. 1945 యుద్ధంలో ఒకినావా నేలమట్టమైంది. మనుషులతో పాటు అలవాట్లూ పోయాయి. ఈ టీ కూడా దాదాపు మరుగున పడి, చాలా ఏళ్ళకి స్థానికులు మళ్ళీ నిలబెట్టుకున్నారు. రిక్యూ టీకి మఠాలు, గురుపరంపర అండగా ఉన్నాయి. పల్లీలు చల్లిన టీకి చేసేవాళ్ళ జ్ఞాపకం ఒక్కటే అండ.

మన దేశంలోనూ ఇదే కథ. 1930లలో టీ వ్యాపారుల ప్రచార సంఘాలు ఊరూరా తిరిగి టీ ఎలా కాయాలో నేర్పాయి. ఆకు తగ్గించి పాలూ చక్కెరా మసాలా పెంచే వీధి టీ వాళ్ళంటే వాటికి గిట్టేది కాదు. చివరికి దేశం ఎవరి మాట విన్నదో మనం రోజూ ఉదయం తాగుతూనే ఉన్నాం.

అందుకని మా ఇంటి తీర్పు ఇది. మేలురకం మాచా దొరికితే ఒక్కసారి వట్టి నీళ్ళతో తాగి చూడండి. గంటకి 40 గ్రాముల కష్టానికి ఆ మర్యాద ఇవ్వాలి, ఆ విషయంలో మా అమ్మాయి మాటే సరి. రోజువారీ తాగడానికి మాత్రం లాట్టేల కోసం అమ్మే చవక రకం చాలు. దాని వగరుకి వేయించిన గింజలు చక్కగా సరిపోతాయి, పాలలోని మాంసకృత్తులు కూడా ఆ వగరుని తగ్గిస్తాయి. అక్కడ అత్తయ్యగారిదే గెలుపు.

ఒక కప్పుకి కొలతలు. చెంచాడు బియ్యం సన్నసెగ మీద ఎర్రగా వేయించండి. రెండు చెంచాల పల్లీలు వేయించి పొట్టు తీయండి. చల్లారాక రెండూ మెత్తగా పొడి చేయండి. మిక్సీ ఆపి ఆపి తిప్పండి, లేదంటే నూనె వదిలి ముద్దవుతుంది. 150 మి.లీ. పాలలో ఈ పొడి ఒక పెద్ద చెంచా వేసి, రెండు నిమిషాలు కాచి, పల్చటి బట్టలో వడకట్టండి. తీపికి పటికబెల్లం బాగుంటుంది. మామూలు బెల్లం ఆకుపచ్చని మట్టిరంగు చేస్తుంది. ఇప్పుడు సమంగా ఒక టీ చెంచా మాచా, అంటే సుమారు 2 గ్రాములు, టీ వడపోతలో జల్లించి గిన్నెలో వేయండి. నీళ్ళు మరిగించి నాలుగైదు నిమిషాలు ఆగి, పావు కప్పు పోయండి. మరిగే నీళ్ళు పోస్తే చేదెక్కుతుంది. వెదురు కవ్వం లేకపోతే మన చిన్న కవ్వం చాలు, నురగ వచ్చేదాకా చిలికి పాల మీద పోయండి. పైన చిటికెడు పల్లీల పొడి చల్లితే ఒకినావా వాళ్ళని తలుచుకున్నట్టూ ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. మాచాలో ఆకు మొత్తం కడుపులోకి పోతుంది కాబట్టి కెఫీన్ బాగానే ఉంటుంది. చిన్నపిల్లలకి వద్దు, పెద్దవాళ్ళకి సాయంత్రం తర్వాత వద్దు. పల్లీలు పడనివాళ్ళు నువ్వులు వాడుకోవచ్చు, అవీ పడకపోతే వట్టి వేయించిన బియ్యం వేసుకోండి. 1330లో చక్రవర్తికి ఇచ్చింది ఆ పొడే కదా!