విదేశీ ఆంక్షలు – పొటాష్ ధర: వదంతులు నమ్మి ఎరువు కొనకండి

ఎక్కడో యుద్ధం మొదలైందనో, ఒక దేశంపై మరో దేశం ఆంక్షలు పెట్టిందనో వార్త రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది: "ఎరువులు ఆగిపోతున్నాయి, ఇప్పుడే కొనిపెట్టుకోండి". అందులో కొంత నిజం ఉండవచ్చు. ఆ కొంత నిజాన్ని పట్టుకుని అవసరానికి మించి కొన్న రైతు పెట్టుబడి ఇరుక్కుపోతుంది, పక్క రైతుకు సరుకు దొరకదు. ఏది నిజమో తేల్చుకోవడానికి 2021-22లో పొటాష్ విషయంలో జరిగినది మంచి ఉదాహరణ.

పొటాష్ ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో పొటాష్ గనుల తవ్వకం లేదు. మనం వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ (ఎం.ఓ.పి.) అంతా ఓడల్లో దిగుమతి అయ్యేదే. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు మూడింట రెండు వంతులు కెనడా, రష్యా, బెలారస్ దేశాలదే. అందుకే అక్కడి రాజకీయాలు మన బస్తా ధరను తాకుతాయి.

2021-22లో ఏం జరిగింది?

• 2020 ఆగస్టు ఎన్నికల తర్వాత బెలారస్‌లో సాగిన అణచివేతకు ప్రతిగా ఐరోపా యూనియన్, అమెరికా ఆ దేశంపై ఆంక్షలు పెంచాయి. 2021 ఆగస్టులో అక్కడి ప్రభుత్వ పొటాష్ సంస్థ బెలారస్‌కాలీపై, డిసెంబరులో దాని ఎగుమతి సంస్థపై అమెరికా ఆంక్షలు విధించింది.

• బెలారస్‌కు సముద్ర తీరం లేదు. దాని పొటాష్ రైళ్లలో లిథువేనియాలోని క్లైపేడా ఓడరేవుకు వెళ్లేది. 2022 ఫిబ్రవరి 1 నుంచి లిథువేనియా ఆ రవాణాను ఆపేసింది.

• ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దాడికి దిగింది. రష్యాతో లావాదేవీలంటే బ్యాంకులు, బీమా సంస్థలు, ఓడల కంపెనీలు వెనుకంజ వేశాయి.

2021లో టన్నుకు 280 డాలర్లు ఉన్న మన దిగుమతి ఒప్పంద ధర 2022లో 590 డాలర్లకు చేరింది. 50 కిలోల బస్తా ధర 1,700 రూపాయలు అయింది.

రెండు అర్ధసత్యాలు

ఒకటి: "పశ్చిమ దేశాలు రష్యా ఎరువులను నిషేధించాయి, అందుకే ఈ కరువు." రష్యా ప్రభుత్వం ఇలాంటి ప్రచారమే చేసింది. నిజానికి 2022 మార్చిలోనే అమెరికా ఆహార ధాన్యాలు, ఎరువుల వ్యాపారానికి ప్రత్యేక అనుమతి ఇచ్చింది. మన దేశం ఆ ఏడాది రష్యా నుంచి పెద్ద ఎత్తున ఎరువులు కొన్నది. పైగా రష్యా తన నత్రజని, కాంప్లెక్స్ ఎరువుల ఎగుమతిపై 2021 డిసెంబరు నుంచే పరిమితి పెట్టుకుంది.

రెండు: "ఆంక్షలకూ ఎరువుల ధరలకూ సంబంధమే లేదు." ఇదీ సరికాదు. బెలారస్ పొటాష్‌పై ఆంక్షలు నేరుగానే పడ్డాయి. రష్యా ఎరువులకు మినహాయింపు కాగితం మీద ఉన్నా, డబ్బు పంపడానికి బ్యాంకు, సరుకు ఎక్కించడానికి ఓడ దొరకడం కష్టమైంది.

ఎవరి ప్రచారంలోనైనా సగం నిజం ఉంటుంది. నష్టం చేసేది చెప్పకుండా వదిలేసిన మిగతా సగమే.

ప్రపంచ ధర తగ్గితే బస్తా ధర తగ్గుతుందా?

వెంటనే తగ్గదు, అంతే మేరకూ తగ్గదు. మధ్యలో సబ్సిడీ ఉంటుంది. 2022 ఖరీఫ్‌లో కేంద్రం కిలో పొటాష్ పోషకానికి 25.31 రూపాయల సబ్సిడీ ఇచ్చింది. బస్తా ఎం.ఓ.పి.లో 30 కిలోల పోషకం ఉంటుంది కాబట్టి బస్తాకు సుమారు 759 రూపాయలు. 2023లో ఒప్పంద ధర 422 డాలర్లకు దిగింది. ఆ ఏడాది రబీకి సబ్సిడీని 2.38 రూపాయలకు, అంటే బస్తాకు సుమారు 71 రూపాయలకు తగ్గించారు. అందుకే విదేశాల్లో దిగిన ధర రైతు చేతిలోని బస్తాపై ఆ మేరకు కనిపించలేదు.

యూరియా పద్ధతి వేరు. 45 కిలోల బస్తాకు 266.50 రూపాయలని ప్రభుత్వమే ధర నిర్ణయించింది. "యుద్ధం వల్ల యూరియా రేటు పెరిగింది" అని ఎవరైనా ఎక్కువ అడిగితే నమ్మకండి. సరఫరా ఆలస్యం కావచ్చు గానీ, దుకాణదారు తనంతట తాను ధర పెంచడానికి వీల్లేదు.

సందేశం వస్తే అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. ఏ ఎరువు? యూరియా, డి.ఎ.పి., పొటాష్ వేర్వేరు దేశాల నుంచి వస్తాయి. ఒకదాని కొరత అన్నిటి కొరత కాదు.
2. ఆంక్ష దేనిపై? దేశంపైనా, ఒక కంపెనీపైనా, ఒక వ్యక్తిపైనా? ఎరువులకు మినహాయింపు ఉందా?
3. తేదీ ఉందా? 2022 నాటి వార్తలు, వీడియోలు మళ్లీ తిరుగుతుండవచ్చు.
4. ఈ మాట వల్ల ఎవరికి లాభం? నిల్వ పెట్టుకున్న వ్యాపారికా, ఏదైనా ప్రభుత్వానికా?

ఆ తర్వాత రైతు సేవా కేంద్రంలో గానీ, రైతు వేదికలో గానీ, మండల వ్యవసాయ అధికారిని గానీ అడిగి నిల్వలు తెలుసుకోండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పొలంలో పాటించవలసినవి

• భూసార పరీక్ష ప్రకారమే పొటాష్ వేయండి. ఎకరాకు 16 కిలోల పోషకం అవసరమని తేలితే సుమారు 27 కిలోల ఎం.ఓ.పి. చాలు, పూర్తి బస్తా అక్కర్లేదు.

• తేలిక నేలల్లో వరికి సగం దమ్ములో, మిగతా సగం అంకురం దశలో వేస్తే వృథా తగ్గుతుంది.

• వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. గడ్డిని కాల్చకుండా పొలంలో కలియదున్నండి, లేదా పశువులకు వేసి ఆ పేడను ఎరువుగా తిరిగి పొలానికి చేర్చండి.

• చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తయారయ్యే పొటాష్ ఎరువుకు 2021 నుంచి సబ్సిడీ ఉంది. అందులో పోషకం 14.5 శాతమే. ఎం.ఓ.పి.లో 60 శాతం. బస్తా ధరను కాకుండా కిలో పోషకం ధరను పోల్చి కొనండి.

• బస్తాపై ముద్రించిన గరిష్ఠ ధరకు మించి ఇవ్వకండి. ఈ-పోస్ యంత్రం నుంచి బిల్లు తప్పక తీసుకోండి. ఎక్కువ అడిగితే, అక్కర్లేని సరుకు అంటగడితే మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు చేయండి.

విదేశాల్లో తీసుకున్న నిర్ణయం ఒప్పందం, ఓడ, సబ్సిడీ దాటి మన ఊరి దుకాణానికి చేరడానికి నెలలు పడుతుంది. వదంతికి నిమిషం చాలు. ఈ సీజనుకు కావలసింది లెక్కగట్టి ముందుగా కొనుక్కోవడం మంచిదే. భయంతో రెండు సీజన్ల సరుకు ఇంట్లో నింపుకోవడం మాత్రం నష్టమే.