తంగేడు చెక్క ఎవరి చరిత్ర?

హబ్సిగూడ, తార్నాక పక్కనున్న ఉస్మానియా నేల ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరు. 1918లో విశ్వవిద్యాలయం, 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం వచ్చాయి. చరిత్రలో జాగీర్దారు, నిజాం, వాస్తుశిల్పి జాస్పర్ పేర్లున్నాయి. గుంతలు తవ్వి మొక్కలు నాటినోళ్లు ఉత్త 'కూలీలు'.

చెట్ల జాబితాలదీ ఇదే తంతు. దక్కను రాతినేలలో పెరిగే తంగేడుకు శాస్త్రీయనామం రాస్తారు, తెలంగాణ రాష్ట్ర పుష్పమనీ రాస్తారు. మరి దాని చెక్కతో లందలో తోలు శుద్ధి చేసిన మాదిగల విద్య ఎక్కడ? ఆ తోలు మోటలతోనే కదా పొలాలు తడిసింది! లంద వాసనని చెప్పి వాళ్లనే ఊరవతలకి నెట్టారు.

2002 జీవవైవిధ్య చట్టం కింద వచ్చిన 2004 నిబంధనలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో మొక్కల వాడకాన్ని, సంప్రదాయ జ్ఞానాన్నీ నమోదు చెయ్యమన్నాయి. కనుక చెట్లు లెక్కించే విద్యార్థులు తోటపని, తోలుపని తెలిసినోళ్లని అడగాలి. వాళ్ల ఒప్పుకోలుతో, వాళ్ల పేరుతోనే రాయాలి. లేకుంటే పచ్చదనం చరిత్ర కూడా జాగీర్దార్ల చరిత్రే అవుతుంది.