కొండకీ పల్లానికీ నడుమ తేనె

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లపు ఊళ్లలో తేనె ఏనాడూ రోజువారీ తిండి కాలేదు. తీపికి బెల్లం ఉండనే ఉంది. చోడి అంబలికీ తోపుకీ అదే, పండగ బూరెకీ అదే. తేనె సీసా మాత్రం గూట్లో మందుల పక్కన ఉండేది. పిల్లకి దగ్గు పట్టుకుంటే అల్లం రసంలో ఓ చెంచాడు కలిపేవారు. కఫం కదలకపోతే సొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచిన పొడికి అనుపానంగా ఇచ్చేవారు. అరసవల్లిలో అయినా శ్రీముఖలింగంలో అయినా అభిషేకానికి పంచామృతంలో ఒక పాలు, పెళ్లిపీటల దగ్గర మధుపర్కంలో ఒక పాలు అదే సీసాలోంచి పోయేది. సీసా కొత్తగా ఇంటికి రాగానే పెద్దవాళ్లు అడిగే మాట ఒక్కటే: "కొండతేనేనా?"

అడగవలసిన మాటే, కానీ అది సగం ప్రశ్న. కొండనుంచి వచ్చిందా అన్నది సరే, ఎలా పిండారు, ఎవరు మోసుకొచ్చారు, నడుమ ఎవరి చేతిలో ఎన్నాళ్లుంది? ఉత్తరాంధ్రలో పచ్చితేనె చరిత్రంతా ఈ రెండో సగంలోనే ఉంది. ఈగ తన పని వేల ఏళ్లుగా ఒకే తీరున చేస్తోంది. మారుతూ వచ్చింది నడిమి చెయ్యి.

మందుగా తేనెకి ఉన్న గౌరవం ఈ నేలమీద చాలా పాతది. వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరం పక్కన రామతీర్థం గురుభక్తులకొండ బౌద్ధారామాలు. బౌద్ధ వినయం ప్రకారం భిక్షువు మధ్యాహ్నం దాటాక అన్నం ముట్టకూడదు, కానీ జబ్బు చేస్తే నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే అయిదింటినీ మందుకింద తీసుకోవచ్చు, ఏడు రోజులు దగ్గర ఉంచుకోవచ్చు. అంటే అక్కడా తేనె మందుల లెక్కలోదే. ఆయుర్వేదం దాన్ని ఇంకా విడమరిచింది. చరకుడు తేనెను నాలుగు రకాలన్నాడు, సుశ్రుతుడు ఎనిమిదన్నాడు. కొత్త తేనె ఒంటికి పుష్టి అనీ, పాతబడ్డ తేనె కొవ్వును కరిగిస్తుందనీ చెప్పారు. తేనెను వేడి చెయ్యవద్దని గట్టిగా హెచ్చరించారు. ఆ హెచ్చరికకి వాళ్లు చెప్పిన కారణం వేరు, ఇవాళ్టి ప్రయోగశాల చెప్పే కారణం వేరు. అయినా వేడి తగిలితే తేనె మారుతుందన్న గమనింపు మాత్రం నిలబడింది.

పల్లం అడిగే ఆ కొండతేనె పుట్టేది పడమటి కొండల్లో. సీతంపేట, భద్రగిరి, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు, పాచిపెంట మీదుగా ఒడిశా సరిహద్దు వెంట సాగే తూర్పు కనుమల్లో సవరలు, జాతాపులు ఉంటారు. అక్కడ ఈగల్లోనూ తెగలున్నాయి. ఎత్తయిన చెట్టుకొమ్మల కింద, రాతి చరియల అంచున బారెడు పట్టు వేలాడదీసేది పెద్ద కొండఈగ. కోపం వస్తే మనిషిని చంపగలదు, ఒక్క పట్టునుంచి పది ఇరవై కిలోలు ఇవ్వనూగలదు. చెట్టు తొర్రల్లో, చీమల పుట్టల్లో వరసగా పట్లు పెట్టుకునే చిన్నది ఇంకొకటి. పల్లం జనం పుట్టతేనె అనేది దీని తేనెనే. పొదల్లో అరచేతంత పట్టు పెట్టే బుల్లి ఈగ వేరు, కుట్టడమే రాని నల్లటి ఈగ వేరు. ఇప్ప, మద్ది, నేరేడు, కరక, చింత, గుగ్గిలం, కానుగ ఒకదాని తర్వాత ఒకటి పూస్తాయి. చలికాలం మొదట్లో పోడు చేలలో వలిసెలు పచ్చగా విరగబూస్తాయి. వలిసె పూల తేనె తొందరగా పేరుకుంటుంది. పేరుకున్నది చూసి పల్లంలో "పంచదార కలిపేశార్రా" అంటారు. నిజానికి గ్లూకోజు పాలు ఎక్కువున్న తేనె ఏదయినా అంతే. పేరుకున్నంత మాత్రాన కల్తీ అని ఏ ఈగనీ నిందించకూడదు.

పెద్ద ఈగ పట్టు కొట్టడం చీకటి రాత్రి పని. అమావాస్య దగ్గరపడ్డాక, పచ్చి ఆకు చుట్టిన ఎండుపుల్లల కట్టకు నిప్పంటించి, అడ్డతీగ పేనిన తాడు పట్టుకుని మనిషి ఎక్కుతాడు. మంట కాదు, పొగ ముఖ్యం. కట్టను పట్టుకి తాకించి దులిపితే నిప్పురవ్వలు కిందికి రాలుతాయి, ఈగలు ఆ వెలుగు వెంట పడిపోతాయి. పట్టు అంతా ఒకేలా ఉండదు. కొమ్మకి ఆనుకుని పైన లావుగా ఉబ్బిన తలలో తేనె, దానికి దిగువన పుప్పొడి, కింద వెడల్పాటి రేకంతా పిల్లలు. పాత పద్ధతిలో రేకు మొత్తం కోసి, కింద చేత్తో పిండేసేవారు. తేనెతో పాటు పిల్లల రసం, పుప్పొడి, మైనం తునకలు అన్నీ ఆనప బుర్రలోకే దిగేవి. అది పచ్చితేనే, అందులో సందేహం లేదు. కానీ నెల తిరక్కుండా నురగ కట్టి పులుస్తుంది. పల్లంలో మూత తియ్యగానే "బుస్సు"మని పొంగిన సీసాలకి సగం కారణం ఆ పిండుడే.

పట్టు పిండిన మనిషి చేతికి దక్కిందేమిటి? శతాబ్దాలపాటు ఉప్పు, ఎండుచేప, ముతక గుడ్డ, కాస్త పొగాకు. సంతలో షావుకారు కొలతే కొలత. కొండ సవరకీ పల్లపు వర్తకుడికీ మధ్య దుబాసీలుగా ఇంకో వర్గం ఉండేదని, ఆ నడిమి బేరాలు ఎలా నడిచేవో దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథం రాసింది. సవరల మీద అందులోని సమాచారంలో మంచి భాగం పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు ఇచ్చినదే. సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టిన ఆయన కొండవాళ్ల మాట విని రాసిన తొలి తెలుగువాళ్లలో ఒకరు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి సర్కారుదైపోయింది, పట్టు ఉన్న చెట్టు కిందికి కొత్త యజమాని వచ్చాడు. జమీందారీ కొండల్లో శిస్తు వసూలు చేసే ముఠాదార్లు ఉండనే ఉన్నారు. అప్పు పుస్తకంలో పాతిక రూపాయలకి తండ్రి పేరుంటే కొడుకు తేనె కూడా ఆ ఖాతాకే జమ.

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఈ కథలో మొదటి మలుపు అది. కొండల్లో డి.ఆర్. (నిత్యావసరాల) డిపోలు తెరిచి, ఒక బల్ల మీద బియ్యం, ఉప్పు, కిరసనాయిలు అమ్మడం, ఇంకో బల్ల మీద చింతపండు, కొండచీపుర్లు, కరక్కాయలు, అడ్డాకులు, తేనె కొనడం. ఆలోచన మంచిదే, కానీ షావుకారు అంత తేలిగ్గా పోలేదు. 1950ల చివరినుంచి గిరిజన సంఘం కట్టిన వాళ్లు అడిగిన వాటిలో పోడు భూమి, వెట్టి రద్దుతో పాటు అటవీ ఫలసాయానికి గిట్టుబాటు ధర కూడా ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర సభకి వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళ ఉద్యమం అక్కడినుంచి సాయుధ పోరాటం దారి పట్టిందని అందరికీ తెలుసు. దాని వేళ్లల్లో సంత తరాజు కూడా ఉందని మాత్రం తక్కువమంది గుర్తుచేస్తారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వర్తకం మీద నిబంధన 1979లో వచ్చి, కొనుగోలు గుత్తగా సహకార సంస్థకే దక్కింది. షావుకారు బారినుంచి అది కాపాడింది, నిజమే. అయితే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ఆ ఒక్కడి ధరే ధర కూడా అవుతుంది. పల్లానికి మాత్రం మేలే జరిగింది. 'గిరిజన్' పేరుతో వచ్చిన సీసా మూడు తరాల తెలుగిళ్లకి "కొండతేనేనా?" అన్న ప్రశ్నకి జవాబైంది.

తేనె సంగతిలో పడి మైనాన్ని మరిచిపోతాం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు. కాయ, దండి చెక్కడం ఒక ఎత్తు, మెట్లు కూర్చడం ఒక ఎత్తు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి నలిపి, దండి మీద రెండు గట్లుగా పోసి, ఆ మెత్తదనం మీద 24 ఇత్తడి మెట్లు నిలబెడతారు. స్వరం పలికించి చూసుకుంటూ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. ఏళ్లు గడిచి మైనం ఎండితే మళ్లీ మేళం కట్టాలి. తేనె ఉపయోగాల పట్టిక ఎవరు రాసినా ఇది రాయరు. నాకు మాత్రం నిమ్మరసం, తేనె కంటే ముందు ఇదే గుర్తొస్తుంది.

ఇక ఆ గూట్లోని సీసా నిజంగా ఏం చేస్తుంది? తేనెలో ఇంచుమించు 80 శాతం చక్కెరలు, ఎక్కువగా ఫ్రక్టోజు, గ్లూకోజు. ఉన్న కాస్త నీరూ ఆ చక్కెరలకే కట్టుబడి ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవికి తాగడానికి చుక్క దొరకదు. పైగా పులుపు, పీహెచ్ నాలుగుకి అటూ ఇటూ. ఈగ తన గొంతులోంచి కలిపిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, తేనె కాస్త పలచబడగానే హైడ్రోజన్ పెరాక్సైడును కొద్దికొద్దిగా పుట్టిస్తుంది. కాలిన గాయానికి తేనె రాసిన అమ్మమ్మకి ఈ పేర్లు తెలియవు. కానీ సోలాపూర్‌కి చెందిన సర్జన్ ఎం.సుబ్రహ్మణ్యం 104 మంది రోగుల మీద తేనె కట్టునీ, అప్పటి మామూలు పూతమందునీ పోల్చి 1991లో బ్రిటిష్ శస్త్రవైద్య పత్రికలో రాశాడు. తేనె కట్టు కట్టిన గాయాలే ముందు మానాయి. ఇవాళ ఆసుపత్రుల్లో గాయానికి వాడేది రేడియేషన్‌తో శుద్ధి చేసిన తేనె. వంటింటి సీసాకి ఆ పని అప్పజెప్పకూడదు. దగ్గు సంగతికొస్తే పాత వైద్యమే గెలిచింది: జలుబుతో వచ్చే మామూలు దగ్గుకి ముందు తేనె వాడి చూడమని 2018లో ఇంగ్లండు ఆరోగ్య సంస్థ నైస్ సలహా ఇచ్చింది.

ఈ ఎంజైముల కోసమే పచ్చితేనె. కంపెనీలు పులవకుండా, పేరుకోకుండా ఉండాలని తేనెను వేడి చేసి వడగడతాయి. వేడికి ఎంజైములు చస్తాయి, హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పెరుగుతుంది. మన ఆహార భద్రతా ప్రమాణాల్లో దానికి పరిమితి కిలోకి 80 మిల్లీగ్రాములు. అయితే పచ్చితేనె పేరు చెప్పి మధుమేహానికి మందని అమ్మేవాళ్ల మాట వినొద్దు, చక్కెర చక్కెరే. ఇంకొకటి, మొహమాటం లేకుండా చెప్పాలి. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాయడం మన ఇళ్లల్లో ముచ్చట. తేనెలో బొటులిజం క్రిమి బీజాలు ఉండొచ్చు. పెద్దల పేగులు వాటిని పట్టించుకోవు, ఏడాది నిండని బిడ్డకి అవి ప్రాణం మీదికి తెస్తాయి. నాలుకకి బెత్తెడు దూరంలోనే ఆపేయాలి.

నడిమి చెయ్యి మారిన మరో ఘట్టం విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ లాంటి సంస్థలు నేర్పిన కోత. ముఖానికి వల, ఒంటికి దట్టమైన బట్ట, తాడు కట్టుకుని పట్టులో తేనె తల మటుకే కోసి, పిల్లల రేకును అలాగే వదిలేయడం. తేనెను పిండకుండా గుడ్డలోంచి దానంతట అదే కారనివ్వడం. ఈగలు వెళ్లిపోవు, కొన్ని వారాలకి ఆ తల మళ్లీ నిండుతుంది. తేనె కూడా పులవదు. చట్టమూ కాస్త దారికొచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, మైనం పేర్లు పెట్టి మరీ వాటిని గిరిజనుల సొంతమంది. కేంద్రం 2020లో అడవి తేనెకి కిలో రూ.225 మద్దతు ధర ప్రకటించింది. పట్నం అంగడి సీసా ధరతో పోల్చి చూడండి, చెట్టెక్కినవాడి వాటా తెలుస్తుంది.

పెట్టె ఈగల కథ ఇక్కడ అంత గొప్పగా సాగలేదు. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పెంపకంలో ఉన్న దేశీ ఈగల్ని ఊడ్చేసింది. జీడితోటల పూతతో ఈగలకి మంచి మేత కాగల శ్రీకాకుళం తీరపు ఉద్దానాన్ని 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను నేలకూల్చింది. పడిన కొబ్బరి, జీడి చెట్ల లెక్కలు తేలాయి గానీ, వాటి పూల మీద బతికిన వాటిని ఎవరు లెక్కిస్తారు?

ఇంతలో కల్తీ కొత్త ఎత్తు ఎక్కింది. కుక్క ముట్టదనీ, నీళ్లలో తీగలా దిగుతుందనీ, వత్తికి పూస్తే అంటుకుంటుందనీ మన పాత పరీక్షలన్నీ ఇప్పటి పంచదార పాకాలు దర్జాగా గట్టెక్కేస్తాయి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ (సీఎస్ఈ) 22 తేనె నమూనాలు పరీక్ష చేయిస్తే అన్ని పరీక్షలూ నెగ్గినవి అయిదే. ప్రమాణాలు బిగించాల్సిందే. కానీ అందులో ఒక మెలిక ఉంది. పాత నిబంధనలు తేనెలో తేమను 25 శాతం దాకా ఒప్పుకునేవి, ఇప్పటి పరిమితి 20. చలిదేశపు ఈగ తేనె అందులో సుళువుగా ఇముడుతుంది. మన తేమ గాలిలో, బయట వేలాడే పట్టులో ఈగ మూతపెట్టిన తేనె చాలాసార్లు ఆ గీత దాటుతుంది. దాన్ని సీసాకి ఎక్కించాలంటే యంత్రంలో పెట్టి తేమ లాగాలి, తేమ లాగాలంటే ఎంతో కొంత వెచ్చబెట్టాలి. సీతంపేట కొండలో శుభ్రంగా కోసి, చుక్క పాకం కలపని తేనె అలా చట్టం దగ్గర ఫెయిలవుతుంది, లేదంటే పచ్చిదనం వదులుకుని పాసవుతుంది. కొండఈగ తేనెకి వేరే కొలత పెట్టడం ప్రమాణాలు రాసేవాళ్లకి కష్టమేమీ కాదు. ఈగను బట్టి తేనె మారుతుందని సుశ్రుతుడి నాటికే లెక్కలో ఉంది.