గుండెలో పక్కదారులు

మన రంపచోడవరం దగ్గర సీతపల్లి వాగు చూశారుగా! బండరాయి అడ్డం పడితే నీళ్లు ఆగిపోవు, పక్కనున్న సన్న పాయల్లోకి మళ్లుతాయి. నాలుగు వానలు పడేసరికి ఆ పాయలే వెడల్పవుతాయి. మన గుండె కూడా అలాంటి పనే చేస్తుందంటే నమ్ముతారా?

గుండె ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది గాని, తన కండకు కావలసిన రక్తం మాత్రం రెండు కరోనరీ ధమనుల ద్వారానే తెచ్చుకోవాలి. వాటి మధ్య సన్నని అడ్డదారులున్నాయని 1669లోనే ఇంగ్లీషు వైద్యుడు రిచర్డ్ లోయర్ చెప్పాడు. 1772లో గుండెనొప్పిని వివరంగా వర్ణించిన విలియం హెబర్డెన్, రోజూ అరగంట రంపంతో కట్టె కోసిన ఒక రోగికి నొప్పి దాదాపు తగ్గిపోయిందని రాసిపెట్టాడు. పెద్ద దారి మెల్లగా ఇరుకైతే, పాత పక్కదారులు వెడల్పవుతాయి. ప్రాణవాయువు అందని కండలో కొత్త కేశనాళికలూ మొలుస్తాయి. ఆ మొలకలను పిలిచే వి.ఇ.జి.ఎఫ్. అనే పదార్థాన్ని 1989లో గుర్తించారు.

ఇంకేం, దాన్నే మందుగా ఎక్కిస్తే సరిపోదా అనుకున్నారు డాక్టర్లు. 178 మంది రోగులమీద చేసిన ఒక పరీక్ష ఫలితం 2003లో వెలువడింది. అరవై రోజులు గడిచాక చూస్తే, మందులేని ద్రవం ఎక్కించుకున్న వాళ్లూ అంతే మెరుగుపడ్డారు! మొలిచిన నాళం నిలవాలి, పెద్ద ధమనితో కలవాలి. అది ఒక్క మందుతో అయ్యే పని కాదని తేలింది.

మన రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు, కండకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్కేతో కలిసి బయటపెట్టారు. అంతటి మనిషీ 1948లో, 53వ ఏట, గుండెపోటుతోనే పోయారు.

అందుకే ఈ ముక్క గుర్తుంచుకోండమ్మా. పక్కదారి పడడానికి వారాలు, నెలలు కావాలి. ధమని ఒక్కసారిగా మూసుకుపోతే మాత్రం అరగంటలోపే కండ చావడం మొదలవుతుంది. రొమ్ము బరువెక్కినా, దవడకో చేతికో నొప్పి పాకినా, చెమటపట్టి ఆయాసమొచ్చినా గ్యాసని వాము నమిలి కూర్చోకండి. ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పి లేకుండా వికారం, నీరసమే కనబడతాయి. పొయ్యిమీద కూర దించి, పిల్లలకు వడ్డించి వెళదామనుకోవద్దు. కొండ దిగి గోకవరం మీదుగా రాజమండ్రి చేరడానికే బోలెడు సేపు పడుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయించండి. కూర మాడితే మళ్లీ వండుకోవచ్చు.